పెద్ద తుపాకీ మోజు: కొట్టి చూడండి, కొనకండి

పెద్ద రైఫిల్ కొనాలని డిసైడ్ అయిపోయినవాడిని "నీకెందుకురా అంత పెద్దది" అని అడగడం దండగ. అవసరం కోసం కొంటున్నానని వాడెప్పుడన్నాడు? నేనుండేది టెక్సస్‌లో, డాలస్ అవతల. ఇక్కడ అవసరం లెక్కలు తీస్తే నా బీరువాలో ఉన్నవాటికే సమాధానం చెప్పుకోలేను. కాబట్టి అవసరం లేదు గనక కొనొద్దు అనే వాదన నేను చెయ్యట్లేదు, దాన్ని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, చెయ్యనీండి. నేను చెప్పేది వేరే. .50 క్యాలిబరూ (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఆ పైన ఉండే రైఫిళ్ల మీద మోజు నిజమైనదే, నాకూ ఉంది, ఇప్పటికీ తగ్గలేదు, కానీ ఆ మోజు తీర్చుకోడానికి ఉన్న దారుల్లో అన్నిటికన్నా చెత్తది దాన్ని సొంతంగా కొనుక్కోవడం. ఇంకో మాట కూడా అంటాను, కొంతమందికి కోపం వస్తుందని తెలిసే అంటున్నా: వేట తుపాకీ గొట్టం బాగా లావుగా ఉండి తీరాలి అనే అవసరం 1898లోనే పోయింది. ఆ తర్వాత పుట్టిన భారీ బోర్లలో చాలావరకు సరదాకో, పంతానికో, గొప్పకో పుట్టినవే.

ముందు మోజు సంగతి ఒప్పుకుందాం, లేకపోతే మిగతాది ఎవరూ వినరు.

.50 బీఎంజీ తూటా ఒకటి చేతిలో పెడితే సగం మందికి అక్కడే పని అయిపోతుంది. పొడవు పద్నాలుగు సెంటీమీటర్లకి కాస్త తక్కువ, బరువు వంద గ్రాముల పైనే. బీఎంజీ అంటే బ్రౌనింగ్ మెషిన్ గన్, అంటే ఇది మనిషి భుజం కోసం పుట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో విమానాలూ ట్యాంకులూ వచ్చేసి మామూలు తూటాలు వాటి మీద చాలకపోతే, జాన్ బ్రౌనింగ్ తన .30 మెషిన్ గన్‌ని పెంచి పెద్దది చేశాడు, దాని కోసం ఈ తూటా వచ్చింది. అందులోని నలభై రెండు, నలభై మూడు గ్రాముల గుండు సెకనుకి తొమ్మిది వందల మీటర్లకి కాస్త తక్కువ వేగంతో బయటపడుతుంది. సైనికుల చేతిలో కనపడే 5.56 తూటా శక్తి సుమారు 1,750 జౌల్స్, జింకల్ని కొట్టే .308ది 3,500, దీనిది 17,000 పైన. అంటే అయిదు .308లు ఒకేసారి పేల్చినట్టు అన్నమాట.

నేను మొదటిసారి కొట్టింది తెలిసినాయన ర్యాంచ్‌లో, వెయ్యి గజాల అవతల ఉక్కు ప్లేటు. భుజం ఊడిపోతుందేమో అనుకున్నా, కానీ నిజానికి బరువైన రైఫిల్‌కి గొట్టం చివర మజిల్ బ్రేక్ ఉంటే తన్ను 12 బోర్ షాట్‌గన్ కన్నా పెద్ద తేడా ఉండదు. ఎందుకంటే ఆ బ్రేక్ గ్యాస్‌ని పక్కలకి, వెనక్కి తోసేస్తుంది, అందుకే కొట్టేవాడి కన్నా పక్కన కూర్చున్నవాడికి ఎక్కువ శిక్ష. ముక్కు లోపల, పళ్ళ లోపల తెలుస్తుంది ఆ దెబ్బ. దుమ్ము లేచి టార్గెట్టు కనపడదు. గుండు వెయ్యి గజాలు వెళ్లడానికి సెకనుకి కాస్త ఎక్కువ పడుతుంది, ఉక్కు మీద తగిలిన చప్పుడు వెనక్కి రావడానికి ఇంకో రెండున్నర సెకన్ల పైన, మొత్తం నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ అక్కడ ఒక్కడూ మాట్లాడడు. "టంగ్" అని వినపడ్డాక మాత్రం టీమ్ మీటింగుల్లో ఎప్పుడూ నవ్వని మేనేజర్లు కూడా లేచి గోల గోల చేస్తారు. ఇది నచ్చలేదు అని ఎవరైనా అంటే నేను నమ్మను.

దానికి తోడు బారెట్ కథ ఒకటి ఉంది, అది విన్నాక ఇంజనీర్లం అనుకునేవాళ్లకి ఇంకా కష్టం. రానీ బారెట్ అనే ఆయన టెనెసీలో ఫొటోగ్రాఫర్. ఇంజనీరింగ్ చదువు లేదు, తుపాకులు తయారు చేసిన అనుభవమూ లేదు. 1982లో నాష్‌విల్ దగ్గర నదిలో ఒక పాత మిలిటరీ బోటుని ఫొటో తియ్యడానికి వెళ్తే దాని మీద రెండు బ్రౌనింగ్ .50 మెషిన్ గన్నులున్నాయి. ఈ తూటాని ఒక మనిషి భుజం మీద నుంచి కొట్టేలా సెమీ ఆటోమేటిక్ (పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కే) రైఫిల్ చెయ్యొచ్చు కదా అని ఆయనకి తట్టింది. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కూర్చుని బొమ్మలు గీసుకుని, మెషిన్ షాపులకి తీసుకెళ్తే ఇది అయ్యే పని అయితే ఎవరో పెద్ద తెలివైనవాళ్లు ఎప్పుడో చేసుండేవాళ్లు అన్నారట. అయినా ఒక మెషినిస్టు తోడు దొరికి గ్యారేజీలో చేశాడు. 1989లో స్వీడన్ సైన్యం కొంది, తర్వాత గల్ఫ్ యుద్ధం టైములో అమెరికా మెరీన్లు కొన్నారు, 2016లో టెనెసీ దాన్ని రాష్ట్ర అధికారిక రైఫిల్‌గా ప్రకటించింది. పిట్ట, పువ్వు, చెట్టు లిస్టులో ఇప్పుడు బారెట్ కూడా ఉంది అక్కడ.

ఒకటి గమనించండి, ఇందులో సైన్యం ఏమీ తెలివితక్కువ పని చెయ్యలేదు. వాళ్లకి ఇది ఆగి ఉన్న విమానం ఇంజనుని, రాడార్‌ని, లారీని కిలోమీటరున్నర అవతల నుంచి పాడుచెయ్యడానికి. వియత్నాంలో 1967లో కార్లోస్ హాథ్‌కాక్ రెండు వేల మీటర్ల పైన కొట్టింది బ్రౌనింగ్ .50 మెషిన్ గన్‌కి టెలిస్కోప్ బిగించి. 2017లో కెనడా స్నైపర్ ఒకతను ఇరాక్‌లో 3,540 మీటర్ల దూరం కొట్టిందీ ఈ తూటాతోనే. వాళ్లకి పనుంది. మనకి ఆగి ఉన్న విమానాలు కొట్టే పని లేదు, అంతే తేడా.

ఇప్పుడు 1898 సంగతికి వస్తా, నాకు ఈ మొత్తం టాపిక్‌లో ఇష్టమైన భాగం ఇదే.

పాత రోజుల్లో అంత లావు తుపాకులు ఎందుకు చేశారు? నల్ల మందు, అంటే బ్లాక్ పౌడర్ అనే పాతకాలం తుపాకీ మందు వల్ల. నల్ల మందు ఎంత కూరినా గుండు వేగం ఒక హద్దు దాటదు. వేగం పెంచలేనప్పుడు ఏనుగునో ఖడ్గమృగాన్నో ఆపాలంటే మిగిలిన ఒకే ఒక దారి, సీసం బరువు పెంచడం. 12 బోర్ అంటే ఒక పౌను సీసంతో పన్నెండు గుండ్లు వచ్చే సైజు. 4 బోర్ అంటే నాలుగే వస్తాయి, లెక్క ప్రకారం ఒక్కో గుండు 113 గ్రాములు. 1860ల్లో నైలు నది పుట్టిన చోటు వెతుకుతూ వెళ్లిన శామ్యూల్ బేకర్ దగ్గర దీని తాత ఒకటుండేది, అర పౌను గుండుది, ఆయన దానికి "బేబీ" అని పేరు పెట్టుకుంటే వెంట ఉన్న అరబ్బులు ఫిరంగి పిల్ల అన్నారు. అది పేల్చాలంటే తనకే భయమని ఆయనే రాసుకున్నాడు. 1870ల్లో ఫ్రెడరిక్ సెలూ 4 బోర్లతో డెబ్భై పైచిలుకు ఏనుగుల్ని కొట్టాడు, తర్వాత రోజుల్లో ఆ తుపాకుల తన్ను వల్ల తన నరాలు దెబ్బతిని గురి పాడైందని, అసలు వాటిని ముట్టుకోకుండా ఉండాల్సిందని వాపోయాడు. చూడండి, వాటితో నిజంగా బతికినవాళ్లెవరూ వాటిని ప్రేమించలేదు. వేరే దారి లేక మోశారు.

దారి ఎప్పుడొచ్చిందంటే కార్డైట్ అనే పొగరాని మందు వచ్చాక. 1898లో లండన్‌లో జాన్ రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటా తెచ్చాడు. ముప్ఫై ఒక్క గ్రాముల గుండు, సెకనుకి 650 మీటర్లు. 4 బోర్ గుండుతో పోలిస్తే బరువులో మూడో వంతు కూడా లేదు, కానీ గట్టి తొడుగున్న గుండు కాబట్టి ఎముక మీద చప్పగా అణిగిపోకుండా లోపలికి దిగుతుంది, తుపాకీ బరువూ సగానికి వచ్చేసింది. కొన్నేళ్లలోనే పెద్ద బోర్ల కథ ముగిసింది. ఆ తర్వాత కరమోజో బెల్ అని స్కాట్లండ్ ఆయన ఇంకా దూరం వెళ్లాడు, ఏనుగు తలకాయ ఎముకల్ని కోసి లోపల మెదడు ఎక్కడుందో చదువుకుని, జింకల్ని కొట్టే 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తో, పదకొండు గ్రాముల గుండుతో వందల ఏనుగుల్ని చంపాడు, మొత్తం మీద వెయ్యికి పైనే. దంతాల కోసం చేసిన ఆ ఊచకోత గురించి నాకు గౌరవమేమీ లేదు, లెక్క గురించే చెప్తున్నా. గుండు ఎంత లావన్నది కాదు, ఎక్కడ తగిలిందన్నదే తేల్చేది అని ఆయన ప్రూవ్ చేసి వందేళ్లు దాటింది. అయితే అందరూ బెల్ కాలేరు కాబట్టి ఇప్పుడు ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువులకి .375 కన్నా తగ్గకూడదని రూల్ పెట్టాయి, అది సబబే. కానీ .375 ఎక్కడ, .577 ఎక్కడ.

మధ్యలో మన దేశం పాత్ర ఒకటుంది, చాలామందికి తెలీదు. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో, సుడాన్‌లో .450 బోర్‌ని నిషేధించింది. కారణం వేట కాదు, భయం. పాత మార్టినీ హెన్రీ ఆర్మీ రైఫిళ్లు కూడా .450వే, అవి తిరుగుబాటు చేసేవాళ్ల చేతుల్లో చాలా ఉన్నాయి, దొరల వేట తూటాల గుండ్లు వాటికి దారిమళ్లుతాయేమో అని. దాంతో లండన్ తుపాకీ కంపెనీలన్నీ ఇండియా మార్కెట్ పోకుండా గబగబా .465, .470, .475 అని కొత్త సైజులు దించాయి. ఇప్పుడు వేటగాళ్లు ఆహా .470 నైట్రో, క్లాసిక్ అని మురిసిపోయే సైజు ఒక నిషేధాన్ని తప్పించుకోడానికి పుట్టింది, గుండు బరువు, వేగం లెక్కల్లో పాతదానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తుపాకీ చట్టాల్లో బోర్ సైజు రాస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది, అయినా ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, దాని దగ్గరికి వస్తా.

ఇంక పంతం సంగతి. హాలండ్ అండ్ హాలండ్ అని లండన్‌లో మహా ఖరీదైన తుపాకులు చేసే కంపెనీ, .600 నైట్రో డబుల్ రైఫిల్ (రెండు గొట్టాలది) ఒకటి చేసి ఇదే ఆఖరిది, ఇంక మేం .600 చెయ్యం అని మాటిచ్చి అమ్మింది. తర్వాత ఒక అమెరికన్ కలెక్టర్ వచ్చి నాకూ .600 కావాలన్నాడు. మాట తప్పలేరు. సరే అయితే .700 చెయ్యండి అన్నాడాయన! అలా 1988లో .700 నైట్రో ఎక్స్‌ప్రెస్ పుట్టింది. అరవై అయిదు గ్రాముల గుండు, ఎనిమిది కిలోల పైన తుపాకీ, ఒక్కో తూటా వంద డాలర్లు. ఏ ఏనుగూ దీన్ని అడగలేదు. కంపెనీ ఇచ్చిన మాట ఒకటి అడ్డొస్తే దాన్ని దాటడానికి కొత్త క్యాలిబర్ వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఈ కథ చాలా ఇష్టం, డబ్బున్నవాడి పిచ్చి కూడా ఒక్కోసారి చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఇది వేట కోసం అని మాత్రం నాతో అనొద్దు.

.577 టైరనోసార్ అనే తూటా పేరు వినే ఉంటారు, పెద్ద పెద్ద మనుషులు దాన్ని పేల్చి వెనక్కి విరుచుకుపడటం, రైఫిల్ చేతుల్లోంచి ఎగిరి పక్కన పడటం, ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరగని గ్రూప్ లేదు. అది 1990ల్లో ఏ-స్క్వేర్ అనే కంపెనీ జింబాబ్వేలో గైడ్ల కోసం అని చేసింది, ఒక్క దెబ్బతో ఆపేది కావాలని. 13,000 జౌల్స్ పైన. ఆ వీడియోలకి నవ్వొస్తుంది గానీ ఒక్క విషయం ఆలోచించండి, రెండో షాట్ కొట్టలేని తుపాకీ మీద పడుతున్న జంతువు ముందు ఏం పనికొస్తుంది? దాన్ని కూడా మించింది .950 జేడీజే, విమానాల్లో వాడే 20 మిల్లీమీటర్ల వల్కన్ గన్ తూటా తొడుగుని కోసి చేసింది, గుండు 230 గ్రాములు, రైఫిల్ నలభై, యాభై కిలోలు. మొత్తం మూడు చేశారు. ఆ బరువు లేకపోతే భుజం ఉండదు, ఆ బరువుంటే తీసుకెళ్లేవాడు ఉండడు.

సరే, ఇవన్నీ కోటీశ్వరుల గోల, మనలాంటి వాళ్లు కొనగలిగేది .50 బీఎంజీ. దాని సంగతే కాస్త గట్టిగా మాట్లాడుకుందాం, ఎందుకంటే మా బ్యాచ్‌లో గుంటూరు కుర్రాడొకడు ఏడాదిగా దీని మీద పడ్డాడు. మంచి జీతం, గ్రీన్ కార్డ్ వచ్చింది, ఇల్లు కొన్నాడు, నెక్స్ట్ ఇదే అంటాడు. "అన్నా, జీవితంలో ఒక్కటైనా ఉండాలి కదన్నా" అని. కారు గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

బారెట్ సెమీ ఆటో పది వేల డాలర్లకి అటూ ఇటూ. ఒక్కో తూటా చేత్తో ఎక్కించే సింగిల్ షాట్ బోల్ట్ రైఫిళ్లు మూడు నాలుగు వేల నుంచి దొరుకుతాయి. స్కోప్ ఇంకో రెండు వేలు, ఆ దెబ్బకి చవక స్కోపులు లోపల విరిగిపోతాయి కాబట్టి. ఇంతవరకు చాలామంది లెక్క వేసుకునే వస్తారు. వెయ్యనిది తూటాల లెక్క. మామూలు మిలిటరీ రకం బాల్ తూటా ఒక్కోటి నాలుగైదు డాలర్లు, పోటీల్లో వాడే మ్యాచ్ క్వాలిటీది ఎనిమిది నుంచి పది, అంటే ఒక పది తూటాల మ్యాగజైన్ ఖాళీ అయితే నలుగురు మంచి బిర్యానీ తినేసే డబ్బు. నేనే రీలోడ్ చేసుకుంటా, ఖాళీ తొడుగుల్లో మందూ గుండూ మళ్లీ నింపుకుంటా అన్నాడు మా వాడు. చేసుకో నాయనా, కానీ మామూలు రీలోడింగ్ ప్రెస్‌లో ఈ తూటా అచ్చు (డై) పట్టదు, దానికో వేరే పెద్ద ప్రెస్ కొనాలి, ఒక్కో తూటాకి పదిహేను గ్రాముల మందు, అంటే ఒక పౌను డబ్బా ముప్ఫై తూటాలకి అయిపోతుంది, అదే డబ్బాతో .308వి నూట యాభై పైన వస్తాయి.

డబ్బు ఉందనుకుందాం. ఎక్కడ కొడతావు? ఊళ్లో తుపాకీ ప్రాక్టీస్ చేసే ఇండోర్ రేంజులు పాతిక గజాలు. బయట రేంజులు వంద, రెండొందల గజాలు, వాటిల్లో చాలావాటి గేటు మీదే .50 వద్దు అని బోర్డు ఉంటుంది, వెనకాల మట్టి కట్ట పాడవుతుంది, ఉక్కు ప్లేట్లు చిల్లులు పడతాయి, పక్క లేన్ల వాళ్లు ఆ బ్రేక్ దెబ్బకి సామాన్లు సర్దుకుని వెళ్లిపోతారు. కొట్టనిచ్చే రేంజ్ గంటల దూరం డ్రైవ్. వంద గజాల్లో కొట్టడం అంటే మరీ అన్యాయం, ఆ నాలుగు సెకన్లే లేవు అందులో, చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. పోనీ ఎవరిదైనా పొలంలో అంటే, పైకి ఎత్తి కొడితే ఈ గుండు ఆరున్నర కిలోమీటర్ల పైన పోతుంది. నీ గుండు ఆగేదాకా నీదే బాధ్యత అనేది ఇక్కడ మొదటి రూల్. వెనకాల కొండ లేకుండా దీన్ని పేల్చేవాడితో నేను ఫ్రెండ్‌షిప్ కూడా చెయ్యను.

మొయ్యడం సంగతి, బారెట్ పద్నాలుగు కిలోలు, పొడవు దాదాపు అయిదడుగులు. చాలా గన్ సేఫ్‌లలో నిలువునా పట్టదు, విడదీసి పెట్టాలి. వేటకి తీసుకెళ్తావా? జింకకి దీంతో కొడితే ఇంటికి తెచ్చుకోడానికి ఏముంటుంది. అడవి పందులకి ఇక్కడ సీజన్ కూడా లేదు, రైతులే రమ్మని పిలుస్తారు, నేనూ వెళ్తా, కానీ రాత్రిపూట పరిగెత్తే పందుల వెనక పద్నాలుగు కిలోలు పట్టుకుని ఎవడూ తిరగడు.

అందరికన్నా మా వాడు బాగా హర్ట్ అయింది గురి విషయం చెప్పినప్పుడు. ఆ పది వేల డాలర్ల సెమీ ఆటో ఉంది చూశారూ, పేలినప్పుడు దాని గొట్టం కూడా వెనక్కి జరిగి వస్తుంది, డిజైనే అంత. మిలిటరీ బాల్ తూటాలతో వెయ్యి గజాల్లో గుండ్లు రెండున్నర అడుగుల మేర చెల్లాచెదురుగా పడితే అది నార్మల్. అది లారీ ఇంజన్‌కి సరిపోయే గురి, దానికోసమే చేశారు. వెయ్యి డాలర్ల 6.5 క్రీడ్‌మూర్ బోల్ట్ రైఫిల్ షాపులోంచి తెచ్చింది తెచ్చినట్టు దానికన్నా రెండింతలు మెరుగ్గా పడుతుంది, తూటా రెండు డాలర్లు, భుజం నొప్పి లేదు, పక్కవాడు తిట్టడు. .50తో అద్భుతంగా కొట్టేవాళ్లు లేరని కాదు, ఫిఫ్టీ క్యాలిబర్ షూటర్స్ అసోసియేషన్ అని వెయ్యి గజాల పోటీలు పెడతారు, వాళ్ల గ్రూపులు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ వాళ్ల రైఫిళ్లు బరువైన గొట్టాలతో ప్రత్యేకంగా కట్టించుకున్నవి, గుండ్లు లేత్ మీద ఒక్కోటి తిప్పి చేసినవి. వాళ్లకి అది వ్యసనం కాదు, విద్య. ఆ విద్య నేర్చుకుంటానంటే నేను అడ్డు చెప్పను, నా మాటలన్నీ వెనక్కి తీసుకుంటా. మా వాడు అలా అనట్లేదు మరి.

ఇప్పుడు చట్టం. అమెరికాలో గొట్టం లోపల కొలత అర అంగుళం దాటితే ఫెడరల్ చట్టం దాన్ని డిస్ట్రక్టివ్ డివైస్ అంటుంది, బాంబుల కేటగిరీ. వేట కోసం చేసినవి అని ప్రభుత్వం ఒప్పుకుంటే మినహాయింపు, .700 నైట్రో లాంటివి అలా బయటపడ్డాయి, ఆఖరికి .950కి కూడా ఇచ్చారు. .50 బీఎంజీ సరిగ్గా గీత మీద నిలబడింది. ఈ రూల్ 1968 చట్టంతో వచ్చింది. అంతకుముందు యుద్ధంలో మిగిలిపోయిన ఫిన్లాండ్ లాహ్టీ 20 మిల్లీమీటర్ల యాంటీ ట్యాంక్ రైఫిళ్లని జనం పోస్టులో ఆర్డర్ చేసి తెప్పించుకునేవాళ్లు, నిజంగానే! 1965లో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూజ్‌లో దొంగలు అలాంటి దాంతో బ్రింక్స్ కంపెనీ ఖజానా గోడని పేల్చి డబ్బు ఎత్తుకెళ్లారు.

కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి .50 బీఎంజీని నిషేధించింది. బారెట్ ఊరుకోలేదు, కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖలకి అమ్మను, రిపేర్లు చెయ్యను అని తేల్చేశాడు, తర్వాత .416 బారెట్ అని కొత్త తూటా వచ్చింది, గుండు సన్నగా ఉన్నా దూరంలో .50 కన్నా బాగా పోతుంది, కాలిఫోర్నియా నిషేధం దానికి వర్తించదు. 1907లో లండన్ వాళ్లు చేసిందే మళ్లీ. అందుకే బోర్ కొలత రాసి పెట్టే నిషేధాలంటే నాకు నమ్మకం లేదు, ఈ నంబర్ వద్దంటే పక్క నంబర్ వస్తుంది.

అలాగని మా గన్ బ్యాచ్ వాళ్లు చెప్పే "ఇంత పెద్దదాంతో ఎవడు నేరం చేస్తాడు" అనే మాట కూడా సగమే నిజం. ఊళ్లో పాల షాపు దొంగతనానికి ఎవడూ పద్నాలుగు కిలోలు మోసుకెళ్లడు, ఒప్పుకుంటా. కానీ మేముండే ఈ రాష్ట్రానికి దక్షిణాన బోర్డర్ అవతల మెక్సికోలో కార్టెల్స్ అనే డ్రగ్ ముఠాల దగ్గర .50లు దొరుకుతున్నాయి, అవి చాలావరకు ఇక్కడి షాపుల్లో కొని దాటించినవి. పోలీసు ట్రక్కుల మీద వాడుతున్నారు. 2021లో మెక్సికో ప్రభుత్వం అమెరికా తుపాకీ కంపెనీల మీద కేసు వేస్తే అందులో బారెట్ పేరూ ఉంది, 2025లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు నిలవదంది. కోర్టులో నిలవకపోయినా ఆ తుపాకులు అక్కడ లేకుండా పోలేదు. కొనేవాడు కలెక్టరా, కార్టెల్ కోసం కొనే బినామీనా అని షాపువాడు గట్టిగా చూడాలి అని నేనంటే మా వాళ్లు నన్ను లిబరల్ అంటారు, అననీ.

మన తెలుగువాళ్ల దగ్గరికొస్తే, ఇక్కడికొచ్చిన ప్రతి బ్యాచ్‌లో రేంజ్ ఫొటో ఒకటి తప్పనిసరి అయిపోయింది. హెచ్‌వన్ మీదున్నవాళ్లకి మామూలుగా తుపాకీ ముట్టుకునే వీలు లేదు, కానీ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అందుకని జన్మలో అడవి చూడనివాళ్లు కూడా ఆన్‌లైన్‌లో హంటింగ్ లైసెన్స్ తీసుకుంటారు. ఇండియాలో లైసెన్స్ రైఫిల్ అంటే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315, అదీ .303 ప్రొహిబిటెడ్ బోర్ కాబట్టి వచ్చిన సైజు. వేట 1972 చట్టంతో పోయింది, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి మూడు కాదు, రెండే తుపాకులు. అలాంటి చోటు నుంచి వచ్చి, దరఖాస్తు ఫారం నింపి పది నిమిషాల్లో కౌంటర్ మీద .50 చేతికిచ్చే దేశంలో పడితే కళ్లు చెదరడం సహజం. వద్దన్నదే కావాలనిపిస్తుంది. నేనూ అలానే మొదలెట్టా.

కాబట్టి మా వాడికి చెప్పింది ఇది. ఊరేగింపుకి ఏనుగుని అద్దెకి తెచ్చుకుంటారు గానీ పెరట్లో కట్టేసుకోరు. టెక్సస్‌లో, నెవాడాలో .50ని అద్దెకిచ్చి పక్కన మనిషిని పెట్టి కొట్టించే చోట్లున్నాయి, తూటాకి పది, ఇరవై డాలర్లు ఎక్కువే తీసుకుంటారు, అయినా ఏడాదికోసారి వెళ్లి అయిదు కొట్టి రావడం సొంతానికన్నా చవక, ఆ నాలుగు సెకన్లు మాత్రం ఫుల్. మిగిలిన డబ్బుతో మంచి .22 కొనుక్కో, రెండొందల యాభై గజాల్లో ప్లేటు పెట్టుకో. ఆ దూరంలో .22 గుండు కిందకి పడే పాటు, గాలికి కొట్టుకుపోయే తీరు చూస్తే పెద్ద రైఫిల్‌తో వెయ్యి గజాల్లో నేర్చుకునేదంతా పది సెంట్ల తూటాతో నేర్చుకోవచ్చు. మధ్యాహ్నమంతా కొట్టినా ఇరవై డాలర్లు కాదు. ఇంకా దూరం కావాలంటే 6.5 క్రీడ్‌మూర్. అది కూడా చాలదన్న రోజు దానికీ .50కీ మధ్యలో ఉండే .338 లపువా గురించి మాట్లాడదాం అన్నా. అంతా విన్నాడు, తలూపాడు, ఒక .22 కొన్నాడు కూడా, బాగానే కొడుతున్నాడు.

పోయిన వారం ఫోన్ చేసి, "అన్నా, .50 వద్దులే అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే, .416 బారెట్ ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు.